మరణాల లెక్క – సింగరేణి అనుభవం

చావు దైవాధీనమని పురాణ కాలక్షేపంలో చెబుతారు. జనాభా శాస్త్రం చెప్పేది వేరు. ఒక్క మనిషి ఎప్పుడు పోతాడో ఎవరూ చెప్పలేరు. కాని వేయిమంది మనుషులు ఎటువంటి ఇండ్లలో ఉంటారో, ఏం తింటారో, ఏ పని చేస్తారో తెలిస్తే వారిలో ఏడాదికి ఎందరు పోతారో సుమారుగా చెప్పవచ్చు. లండనులో జాన్ గ్రాంట్ అనే వర్తకుడు చర్చిల వారు వారంవారం ప్రకటించే చావుల జాబితాలను ముందు పెట్టుకొని 1662లోనే ఈ సంగతి గ్రహించాడు. ఆనాటి నుంచి నేటి దాకా ఈ శాస్త్రం చాలా దూరం నడిచింది. మన రామగుండం బొగ్గు ప్రాంతంలో అది ఏ మేరకు అడుగుపెట్టింది, ఎక్కడ ఆగిపోయింది, ఎందుకు ఆగిపోయింది అన్న ప్రశ్నలను ఇక్కడ పరిశీలిద్దాం.

పెద్దపల్లి జిల్లా రామగిరి మండలంలోని సెంటినరీ కాలనీ తన పేరులోనే చరిత్రను మోస్తున్నది. ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు ఉన్నదని 1871లో డాక్టర్ విలియం కింగ్ కనుగొన్నాడు. 1886లో ఇంగ్లండులో రిజిస్టరైన హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకపు హక్కులు సంపాదించింది. 1889లో బొగ్గు తీయడం మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. 1945లో అది నిజాం ప్రభుత్వం చేతికి వచ్చింది. ఈనాడు రాష్ట్ర ప్రభుత్వానికి 51, కేంద్ర ప్రభుత్వానికి 49 శాతం వాటాలున్నాయి. 1989లో నిండిన ఆ నూరేళ్ళలో ఏ సంవత్సరం ఎన్ని టన్నులు తీశారని అడిగితే చెప్పడానికి పుస్తకాలున్నాయి. ఆ పని వలన ఎందరు మనుషులు పోయారని అడిగితే మాత్రం జవాబు ఒక ముక్కలో రాదు. "పని వలన పోవడం" అంటే ఏమిటో ముందుగా తేల్చుకోవలసి వస్తుంది. ఆ తేల్చుకోవడంలోనే వర్గ ప్రయోజనాలు చొరబడతాయి.

మరణాల రేటు చూడడానికి చిన్న భిన్నం. పైన చనిపోయినవారి సంఖ్య, కింద ప్రమాదానికి లోనైన జనసంఖ్య. పై సంఖ్యను గూర్చి అందరూ తగవులాడుతారు. కింది సంఖ్యను ఎవరూ పట్టించుకోరు. చరిత్రలో పెద్ద పెద్ద పొరపాట్లన్నీ ఆ కింది సంఖ్య దగ్గరే జరిగాయి.

1842లో ఇంగ్లండులో ఎడ్విన్ ఛాడ్విక్ శ్రామిక జనుల ఆరోగ్య పరిస్థితులపై ప్రసిద్ధమైన నివేదిక ప్రకటించాడు. మాంచెస్టరులో చనిపోయినవారి సగటు వయస్సు పెద్దమనుషుల కుటుంబాలలో 38, వర్తకులలో 20, కూలివారిలో 17 అని అందులో ఉన్నది. పల్లెటూరి రట్లండు ప్రాంతంలో అవే అంకెలు 52, 41, 38. పట్టణపు పెద్దమనిషికీ పల్లె కూలివానికీ ఒకే అంకె వచ్చిందన్నమాట! ఆ అంకెలు యూరపును కదిలించాయి. మూడేళ్ళకే ఎంగెల్స్ ఇంగ్లండు శ్రామికవర్గ స్థితిగతులపై తన గ్రంథం వెలువరించాడు. అందులో బొగ్గు గనివారి నల్ల కఫాన్ని గూర్చీ రాశాడు. ఐతే ఇద్దరూ తేల్చినది ఒకటి కాదు. మురుగు కాలువలు, మంచినీళ్ళు బాగుపడితే చావులు తగ్గుతాయన్నాడు ఛాడ్విక్. పని గంటలు, కూలి, ఆకలి, ఇవన్నీ ఒకే వ్యవస్థ బిడ్డలని చూపాడు ఎంగెల్స్. మురుగు కాలువలు అక్కర్లేదని ఎంగెల్స్ అనలేదు. కూలి సంగతి ఛాడ్విక్ దాటవేశాడు.

ఛాడ్విక్ అంకెలలో ఒక లోపం ఉన్నది. దానిని నీసన్ అనే గణాంకవేత్త 1844లోనే ఎత్తిచూపాడు. "చనిపోయినవారి సగటు వయస్సు" జనం ఆయుర్దాయం కాదు. పసిపిల్లలు ఎక్కువగా పుట్టేచోట, యువకులు వలసవచ్చి చేరేచోట, ఆ సగటు దానంతట అదే పడిపోతుంది. ఈ లోపాన్ని ఇక్కడ ప్రస్తావించడానికి కారణం ఉన్నది. ఉద్యోగంలో ఉండగా మరణించిన కార్మికుల సగటు వయస్సు చూపి, గనివాని ఆయుష్షు ఇంతేనని మన వాళ్ళు కొందరు ఉపన్యాసాలలో చెబుతుంటారు. సింగరేణిలో పదవీ విరమణ వయస్సు 60. 2021 నుంచి 61. ఉద్యోగంలో ఉండగా పోయినవారి సగటు వయస్సు ఎవరెంత ఆరోగ్యంగా ఉన్నా 61 దాటనే దాటదు. గుమాస్తాల లెక్క తీసినా అంతే. బలమైన వాదానికి బలహీనమైన అంకెను తోడు తెచ్చుకుంటే యజమాని ఆ అంకెను పట్టుకొని వాదాన్నంతా కొట్టివేస్తాడు.

ఇక గనుల రికార్డు సంగతి. బ్రిటిష్ ఇండియాలో మొదటి గనుల చట్టం 1901లో వచ్చింది. మరుసటి ఏడాది కలకత్తాలో గనుల తనిఖీ శాఖ వెలిసింది. నేటి గనుల భద్రతా డైరెక్టరేట్ దాని వారసురాలే. ఈ శాఖ లెక్కల ప్రకారం బొగ్గు గనులలో ప్రమాద మరణాలు 1911–20 దశాబ్దంలో వేయిమంది కార్మికులకు ఏటా సుమారు 1.3, 1951–60లో సుమారు 0.8, 1991–2000 నాటికి సుమారు 0.3. ఈ తగ్గుదల నిజమైనదే. దీనిని వట్టి మాయ అనడం అజ్ఞానం. 1952 చట్టం, గాలి మార్గాలు, పైకప్పుకు ఆధారాలు, బండ కూలకముందే ఆనవాలు పట్టగల సర్దార్ల అనుభవం, సంఘాల పోరాటం, జాతీయీకరణ, ఇవన్నీ దాని వెనుక ఉన్నాయి. చస్‌నాలాలో 1975 డిసెంబరు 27న 375 మందిని నీళ్ళు మింగాయి. అటువంటి చావుల తరువాతనే నిబంధనలు బిగిశాయి.

అదే నీళ్ళు గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలో 2003 జూన్ 16న విరుచుకుపడి 17 మందిని బలిగొన్నాయి. 2020 జూన్‌లో రామగుండం ప్రాంతపు ఓపెన్‌కాస్టు గనిలో పేలుడు జరిగిన రోజే నలుగురు కాంట్రాక్టు కార్మికులు మరణించారు. 2022 మార్చి 7న అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో బండ కూలి ఇద్దరు అధికారులు, ఒక కాంట్రాక్టు కార్మికుడు పోయారు. ఈ చావులు ఎవరూ దాచలేనివి. పత్రికలలో వస్తాయి, విచారణ జరుగుతుంది, పట్టికలోకి ఎక్కుతాయి.

ఆ పట్టికలో రేటును రెండు విధాలుగా రాస్తారు: వేయిమంది కార్మికులకు ఇన్ని చావులని, పదిలక్షల టన్నులకు ఇన్ని చావులని. ఈ రెండవ పద్ధతిని కాస్త నిదానంగా చూడాలి. 1990–91లో సింగరేణిలో సుమారు లక్షా పదహారు వేలమంది పనిచేసి ఒక కోటి డెబ్బై ఏడు లక్షల టన్నులు తీశారు. 2023–24లో ఏడు కోట్ల టన్నులు వచ్చాయి. పర్మనెంటు కార్మికులు మాత్రం నలభై వేల చిల్లరకు దిగారు. రెండు సంవత్సరాలలోనూ చావులు సరిసమానమని ఊహించండి. టన్నుల లెక్కన చూస్తే ప్రమాదం నాలుగో వంతుకు పడిపోయింది. పర్మనెంటు కార్మికుల తలల లెక్కన చూస్తే సుమారు మూడింతలు పెరిగింది. మరణించినవారు అంతమందే. టన్నుల లెక్క అబద్ధమని అనను. అది బొగ్గుకు ఎంత ఖరీదు పడిందో చెబుతుంది. బాయిలోకి దిగే మనిషికి ఎంత గండమో చెప్పదు. తట్టా చెమ్మస్‌తో బొగ్గు నింపిన మనిషి స్థానంలో యంత్రం వచ్చినప్పుడు ఈ రెండూ విడిపోతాయి.

ఇంతవరకు చెప్పినది ప్రమాదాల సంగతి. నా ఉద్దేశంలో అసలు చిక్కు వేరే ఉన్నది: దుమ్ము. బండ ఒక్క క్షణంలో చంపుతుంది. దుమ్ము పది, ఇరవై ఏళ్ళు తీసుకుంటుంది. కంటికి కనిపించని సన్నని రేణువులు ఊపిరితిత్తుల చివరి గదులదాకా పోయి అక్కడే నిలుస్తాయి. వాటిని తినివేయ వచ్చిన రక్షక కణాలే చచ్చి చుట్టూ మచ్చ కడతాయి. బొగ్గు దుమ్ము కంటే ఇసుకరాయి దుమ్ము మరింత క్రూరమైనది. మన గోదావరి లోయలో బొగ్గు పొరల మీద ఉన్నదంతా ఇసుకరాయే. భూగర్భ గనిలో పైకప్పుకు బోల్టులు బిగించేవాడు, ఓపెన్‌కాస్టులో బొగ్గు పైనున్న ఓబీ మట్టికి రంధ్రాలు వేసేవాడు ఇద్దరూ దానిని పీలుస్తారు. దుమ్ము జబ్బును 1952 చట్టం కింద తెలియజేయవలసిన వ్యాధిగా ప్రకటించారు. 1959 నుంచి నష్టపరిహారం చట్టంలోనూ చేర్చారు. చట్టాలకు లోటు లేదు.

మరి ఈ చావులు ఏ పట్టికలో ఉన్నాయి? ప్రమాదం కాదు కనుక గనుల పట్టికలో ఉండవు. మనిషి ఇంట్లోనో ఆసుపత్రిలోనో పోతాడు. "గుండె ఆగి" అని రాస్తారు. చావు అనేది అందరికీ గుండె ఆగడంతోనే వస్తుంది. అది కారణం కాదు, చావుకు మరో పేరు. మన దేశంలో నమోదైన చావులలో వైద్యుడు కారణాన్ని ధ్రువీకరించేవి సుమారు ఐదింట ఒక వంతే.

1700లో ఇటలీలో రమజ్జీని అనే వైద్యుడు వృత్తి రోగాలపై ఒక గ్రంథం ప్రకటించాడు. మొదటి అధ్యాయమే గనివారిది. రోగిని చూసే ప్రతి వైద్యుడూ "నీవు చేసే పని ఏమిటి?" అని అడగాలని అందులో కోరాడు. మన రాష్ట్రంలో 1999 నియమాలతో వచ్చిన మరణ నివేదిక ఫారం చూడండి. వృత్తి అనే గడి ఉన్నది. దాని తరువాత, చనిపోయిన మనిషి ఎన్నేళ్ళు పొగ తాగాడు, ఎన్నేళ్ళు పొగాకు నమిలాడు, ఎన్నేళ్ళు వక్క నమిలాడు, ఎన్నేళ్ళు మద్యం తాగాడు అని నాలుగు గడులు! ఎన్నేళ్ళు దుమ్ములో పనిచేశాడని ఒక్క గడి లేదు. వృత్తి గడిలో కూడా "రిటైర్డు" అని రాస్తే అక్కడితో సరి. వ్యసనానికి సంవత్సరాలు లెక్కపెట్టి, పనికి లెక్కపెట్టని ఈ ఫారాన్ని ఎవరో కుట్రపన్ని తయారుచేశారని నేననుకోను. చావుకు బాధ్యత మనిషి అలవాట్లదేనన్న భావన ఎంత సహజమైపోయిందో దానివలన తెలుస్తుంది.

దీనికి తోడు మరొక విచిత్రం ఉన్నది. 1885లో ఇంగ్లండు గణాంకాధికారి విలియం ఆగిల్ దానిని వివరించాడు. కఠినమైన వృత్తులలో మరణాల రేటు ఒక్కోసారి తక్కువగా కనిపిస్తుంది. కారణం, అటువంటి పనిలోకి గట్టివాళ్ళే చేరుతారు, బలం తగ్గినవాళ్ళు వెళ్ళిపోతారు. మిగిలినవాళ్ళను లెక్కిస్తే ఆ వృత్తి ఆరోగ్యప్రదమైనదని తేలుతుంది! సింగరేణిలో ఇది ఒక పద్ధతిగానే నడుస్తున్నది. చేరేటప్పుడు వైద్య పరీక్ష ఉంటుంది. జబ్బుపడి పనికి రాకపోతే మెడికల్ బోర్డు అన్‌ఫిట్ చేస్తుంది. ఆ స్థానంలో కొడుకు చేరుతాడు. వారసత్వ ఉద్యోగాల పథకాన్ని 2017లో హైకోర్టు కొట్టివేసిన తరువాత కారుణ్య నియామకాల మార్గం మిగిలింది. కార్మిక కుటుంబానికి అది అన్నం పెట్టే హక్కు; దానిని కాపాడుకోవలసిందే. లెక్కల దృష్టితో మాత్రం, రోగి జాబితా నుంచి పోయి ఆరోగ్యవంతుడు వచ్చి చేరాడు. రెండేళ్ళకు తండ్రి పోతే ఆ చావు కంపెనీ లెక్కలోనిది కాదు.

ఈ చిక్కును విప్పిన పరిశోధన ఒకటున్నది. ఫాసిజానికి వ్యతిరేకంగా స్పెయిన్ అంతర్యుద్ధంలో వైద్య దళంలో పనిచేసి వచ్చిన ఆర్చీ కాక్రేన్ అనే వైద్యుడు 1950లో వేల్సులోని రోండా ఫాఖ్ లోయలో సర్వే మొదలుపెట్టాడు. గని మస్టరును కాక లోయనంతా తీసుకున్నాడు. పనిలో ఉన్నవాడు, మానినవాడు, ముసలివాడు, గనిలో ఎన్నడూ దిగనివాడు, అందరికీ ఎక్స్‌రే తీశాడు. ఇరవై ఏళ్ళ దాకా దాదాపు ఎవరినీ జారవిడవకుండా వెంబడించాడు. మామూలు దుమ్ము జబ్బు దానంతట అది ఆయుష్షును పెద్దగా తగ్గించలేదని, అది ముదిరి ఊపిరితిత్తులలో పెద్ద గడ్డలు కట్టినవారిలో మరణాలు ఎక్కువని తేలింది. ఈ ఫలితంలో సగం కార్మిక సంఘాలకు నచ్చేది కాదు. సగం యజమానులకు నచ్చేది కాదు. శాస్త్రం అంటే నాకు గౌరవం కలిగేది ఇటువంటి చోట్లనే.

కాక్రేన్ చూసిన లోయలో కార్మికులు తరతరాలు ఒకేచోట ఉన్నారు. మనకు ఆ సౌకర్యం కూడా జారిపోతున్నది. ఓబీ మట్టి తీసే పని చాలావరకు కాంట్రాక్టర్లది. అందులోని కార్మికుడు చట్టం దృష్టిలో గని కార్మికుడే. ప్రమాదంలో పోతే పట్టికలోకి వస్తాడు. కాని దుమ్ము మాట వేరు. 1955 గనుల నియమాలు వైద్య పరీక్షల మధ్య ఐదేళ్ళదాకా ఎడాన్ని అనుమతించాయి. కాంట్రాక్టు రెండు మూడేళ్ళకు ముగుస్తుంది. రెండవ పరీక్షకు ముందే కంపెనీ పేరు మారుతుంది, డ్రిల్లు మీద మనిషి మారుతాడు. పదిహేనేళ్ళకు వచ్చే జబ్బుకు ఏ యజమానిని చూపాలి? 2022 సెప్టెంబరులో సింగరేణి కాంట్రాక్టు కార్మికులు చేసిన సుదీర్ఘమైన సమ్మెలో వేతనాల కోరికే ముందున్నది, అది న్యాయమే. సర్వీసు రికార్డు కోరిక కూడా దానంత విలువైనదే. పని చేసిన రుజువు లేనిదే దుమ్ము జబ్బుకు పరిహారం లేదు.

కాలనీ క్వార్టర్లలో నల్లా నీళ్ళు, కంపెనీ వైద్యం ఉన్నాయి. కాలనీ దాటిన ఊళ్ళలో, అద్దె గదులలో ఉండే కాంట్రాక్టు కుటుంబాలకు అవి ఆ విధంగా లేవు. వేసవిలో ఎండ అందరికీ ఒకటే ఐనా కూలరు అందరికీ లేదు. ఈ రెండు జనాలను కలిపి "బొగ్గు ప్రాంతపు మరణాల రేటు" అని ఒక అంకె చెబితే ఏమీ తెలియదు. 2020లో కేరళ ముడి మరణాల రేటు వేయికి 7, దేశానిది 6. కేరళలో ముసలివారు ఎక్కువ కనుక అలా వచ్చింది. ఆయుర్దాయంలో కేరళే ముందున్నది. పదవీ విరమణ చేసినవారు మిగిలిన కాలనీ, యువకులు చేరిన అద్దె గదులు పక్కపక్కన ఉన్నచోట వయస్సుల వారీగా విడదీయకుండా పోల్చితే, అద్దె గదులే ఆరోగ్యంగా కనిపిస్తాయి.

పని ఎక్కడ మొదలుపెట్టాలన్నది కష్టమైన ప్రశ్న కాదు. బొగ్గు గనుల పింఛను పథకం 1998 నుంచి నడుస్తున్నది. పింఛనుదారులు ఏటా తాము బతికే ఉన్నామని ధ్రువపత్రం ఇస్తారు. అది ఆగిననాడు పింఛను ఆగుతుంది, భార్య పేర కుటుంబ పింఛను మొదలవుతుంది. అంటే పుట్టిన తేదీ, చేరిన తేదీ, దిగిపోయిన తేదీ, పోయిన తేదీ, నాలుగూ ఒకే కాగితం మీద ఉన్నాయి. గనిలోపల పనిచేసినవారిని, ఆఫీసులో పనిచేసినవారిని వయస్సుల వారీగా విడదీసి ఆ కాగితాలను పేరిస్తే వేలమంది జీవితాల పట్టిక సిద్ధమవుతుంది. కారణం తెలియని చావులకు, 2001 తరువాత మన దేశంలోనే పదిలక్షల మరణాల అధ్యయనంలో చేసినట్లు, ఇంటికి వెళ్ళి కుటుంబాన్ని అడిగి రాసుకునే పద్ధతి ఉన్నది. దానికి యంత్రాలు అక్కర్లేదు. ప్రశ్నల కాగితం, శిక్షణ పొందిన మనిషి, మధ్యాహ్నం పూట తీరిక చాలు. కాంట్రాక్టు కార్మికులకు పింఛను కాగితం లేదు కనుక వారి జాబితాను గది గదికీ తిరిగి రాసుకోవలసిందే. గోదావరిఖనిలోను, సెంటినరీ కాలనీలోను డిగ్రీ చదివే విద్యార్థులలో గని ఇండ్ల పిల్లలున్నారు. ఎవరి తండ్రి ఏ ఇంక్లైన్‌లో ఎన్నేళ్ళు ఏ పని చేశాడో వారికి తెలుసు. ఫారంలో లేని గడిని నింపగలవారు వారే.