జగదీశచంద్రుని జనపనార

వెలుగు సాగు దిశ వేఱు, దాని కంపనము జరుగు దిశ వేఱు. ఈ రెండవదానికి ధ్రువణమని పేరు. దాని జాడ మనుష్యునకు మొదట చిక్కినది ఐస్లాండు స్ఫటికమువలన. 1669లో కోపెన్‌హేగెను పండితుడైన బార్తొలిన్ ఆ స్ఫటికముగుండ చూడగా ఒక్క వస్తువు రెండుగా కానవచ్చెను. 1808లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడగు మాల్యూస్, పారిసునందలి లక్సెంబర్గు సౌధపు కిటికీ అద్దములలో ప్రతిఫలించిన అస్తమయసూర్యుని ఆ స్ఫటికముగుండ చూచుచు దానిని త్రిప్పినప్పుడు, రెండు బింబములలో ఒకదాని కాంతి తగ్గగా వేఱొకదాని కాంతి హెచ్చెను. పిమ్మట ఎనుబదియేండ్లు శాస్త్రజ్ఞులు చాలవఱకు ప్రకృతి యొసగిన స్ఫటికములనే యాశ్రయించిరి. 1888లో జర్మను శాస్త్రజ్ఞుడగు హెర్ట్జు సమాంతరముగ బిగించిన తీగెల తెరతో విద్యుత్తరంగములను పరీక్షించి, చేతితో కట్టిన వస్తువునకును ఈ శక్తి కలదని చూపెను.

ఆ త్రోవను కడు ముందునకు నడిపినవాడు కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలయందలి జగదీశచంద్ర బోసు. ఆయన తరంగముల దైర్ఘ్యము 5 మిల్లీమీటర్లవఱకు తగ్గెను గనుక, కాంతిశాస్త్రపు ప్రయోగములన్నియు బల్లమీద నిలుచు పరికరములతోనే సాధ్యములయ్యెను. తరంగములను లోహపు గొట్టముగుండ, అనగా నేటి మాటలో తరంగవాహికగుండ, నడిపి వెలికి పంపు పద్ధతియు ఆయన పరికరములలో కలదు. ఆయన ధ్రువణసాధనములలో నొకటి బ్రాడ్షా రైలువేళల పుస్తకము! పుటల నడుమ తగరపు రేకుల నుంచగా, రేకులకు సమాంతరమగు కంపనము ఆ యిఱుకు సందులలో చొరజాలక నిలిచిపోవును. లంబమగు కంపనము నిరాటంకముగ దాటిపోవును. నేటి తరంగవాహికలలో ఒక ధ్రువణమును పోనిచ్చి వేఱొకదానిని నిలుపు విద్యకు ఇంతకంటె విశదమగు దృష్టాంతము నాకు కానరాదు.

1898 నాటి ప్రయోగము మఱింత రమణీయము. ధ్రువణకారిని, పరీక్షకమును ఒకదానికొకటి లంబముగ నిలిపినచో తరంగము దాటదు గనుక గాల్వనామీటరు ముల్లు కదలదు. ఆ రెంటి నడుమ, మన నెల్లిమర్ల, ఏలూరు మిల్లులలో గోనెలు నేయుటకు వాడిన జనపనారనే కట్టగా మెలిపెట్టి యుంచగా ముల్లు కదలెను; అనగా మెలిక ధ్రువణతలమును త్రిప్పినదన్నమాట. చక్కెర నీరు కాంతితలమును త్రిప్పునను సంగతి ఫ్రెంచి శాస్త్రజ్ఞుడగు బియో కాలమునుండియు ఎఱిగినదే కావున, దాని ననుకరించుటకై బోసు కుడిమెలికవి కొన్ని, ఎడమమెలికవి కొన్ని చిన్న నారముక్కలను చేసి వానికి అణువులని పేరిడెను. ఏ యొక్క జాతిని ఉంచినను ముల్లు కదలెను. రెండు జాతులను సమసంఖ్యలో కలిపినంతనే నిశ్చలమయ్యెను. కంటికి కానరాని అణువుల మెలికను, అంగడిలో దొరకు నారతో కంటి యెదుట నిలిపిన ఆ ప్రతిభను తలచినపుడెల్ల నాకు గగుర్పాటు కలుగును.

కాంతిని నడుపు ఇప్పటి సిలికాను తరంగవాహిక వెడల్పు 500 నానోమీటర్లు, ఎత్తు 220 నానోమీటర్ల ప్రాంతమున నుండును. అడ్డుకోత చదరము కానందున రెండు ధ్రువణములును అందు వేర్వేఱు వేగములతో నడచును. ఒకదానిని వేఱొకదానిగా మార్చుటకు వాహిక యొక్క ఒక అంచును మాత్రమే చెక్కి సౌష్ఠవమును భంగపఱతురు. మెలికయు మరుగున పడలేదు. 2009లో జర్మను శాస్త్రజ్ఞులు సూక్ష్మమగు బంగారు సర్పిలములను నిలువుగ పేర్చి, సర్పిలము ఏ వైపు తిరుగునో ఆ వైపు తిరుగు పరారుణకాంతిని నిలిపివేసి, ఎదుటి వైపు తిరుగుదానిని పోనిచ్చిరి. ఆ కాంతి దైర్ఘ్యము, కలకత్తాలో బోసు ప్రయోగించిన తరంగములలో ఇంచుమించు వేయింట నొకవంతు.