వారానికి 48 గంటలు: ఒక పరిమితి వెనుక కథ

ఆడిటింగు, న్యాయ సలహా, కన్సల్టెన్సీ, సాఫ్ట్‌వేరు వంటి వృత్తి సేవల రంగంలో ఉన్నవారిని ‘వారానికి ఎన్ని గంటలు పనిచేస్తారు?’ అని అడిగి చూడండి. చాలామంది జవాబు చెప్పే ముందు కాసేపు ఆలోచిస్తారు. మిల్లు కార్మికుడికి ఆ తడబాటు ఉండదు. సైరను మోగితే లెక్క తేలిపోతుంది. ఈ తేడా ఎక్కడ నుంచి వచ్చిందో తెలుసుకోవడం మీ ఆరోగ్యానికి అవసరం.

మన దేశంలో మొదటి ఫ్యాక్టరీ చట్టం 1881లో వచ్చింది. అది పెద్దల పనివేళల జోలికి పోలేదు. ఏడేళ్లు నిండని పిల్లలను పనిలో పెట్టరాదనీ, పన్నెండేళ్లలోపు వారితో రోజుకు 9 గంటలకు మించి పనిచేయించరాదనీ నిర్దేశించింది. 1891లో స్త్రీలకు 11 గంటలు, 1911లో బట్టల మిల్లుల్లోని పురుషులకు 12 గంటలు గరిష్ఠ పరిమితులయ్యాయి.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1919లో చేసిన తొలి ఒడంబడిక పరిశ్రమల్లో రోజుకు 8, వారానికి 48 గంటలే పని ఉండాలన్నది. భారతదేశానికి మాత్రం 60 గంటలకు వెసులుబాటు ఇచ్చింది. 1922 నాటి మన చట్టం ఆ 60 గంటలనే స్వీకరించింది. 1934లో, ఏడాది పొడవునా నడిచే ఫ్యాక్టరీలకు అది 54కు తగ్గింది. వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖను చూసిన డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ ప్రవేశపెట్టిన సవరణతో 1946లో 48 గంటల వారం మనకు దక్కింది. 1948 ఫ్యాక్టరీల చట్టం దానినే నిలిపింది. అంటే 60 నుంచి 48కి దిగడానికి 24 సంవత్సరాలు పట్టింది.

కార్యాలయాల గది దాకా చట్టం రావడం మరింత ఆలస్యమైంది. మద్రాసు రాష్ట్రంలో దుకాణాలు, సంస్థల చట్టం 1947లో వచ్చింది. ఆంధ్రప్రదేశ్ 1988లో చేసిన చట్టం రోజుకు 8, వారానికి 48 గంటల పరిమితిని పెట్టింది. అయితే ఐటీ సంస్థలకు అందులోని కొన్ని సెక్షన్ల నుంచి ప్రభుత్వాలు మినహాయింపులు ఇస్తూ వచ్చాయి. 2025 జులైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల వరకు పనిని అనుమతించింది. వారానికి 48 గంటలు దాటితే ఓవర్‌టైం చెల్లించాలన్నది.

ఇక వైద్యం మాట. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి ఒక అంచనాను ప్రకటించాయి. వారానికి 35–40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే, 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి పక్షవాతం ముప్పు సుమారు 35 శాతం, గుండె రక్తనాళాల జబ్బుతో మరణించే ముప్పు 17 శాతం ఎక్కువ. ఒక్క 2016లోనే ఈ కారణంగా సుమారు 7,45,000 మంది మరణించారని తేల్చాయి. దీర్ఘకాలపు ఒత్తిడి రక్తపోటును పెంచుతుంది. తగ్గిన నిద్ర, కదలని కూర్చోవడం, పొగతాగడం దానికి తోడవుతాయి.

అందుకే ‘మా రంగంలో సగటు 50 గంటలే’ అన్న మాట విని మీరు నిశ్చింతగా ఉండవద్దు. పదిమందిలో అయిదుగురు 40 గంటలు, అయిదుగురు 60 గంటలు పనిచేసినా సగటు 50 అవుతుంది. సగటు 55కు లోపలే ఉన్నా, అక్కడ సగంమంది ముప్పులో ఉన్నట్టే. పైగా రాత్రి ఇంటి నుంచి మాట్లాడిన ఫోన్లు, ఆదివారం చూసిన ఫైళ్లు చాలాచోట్ల లెక్కలోకే రావు.

మిల్లు సైరను చేసిన పనిని ఇప్పుడు మీరే చేసుకోవాలి. నాలుగు వారాలపాటు పని మొదలైన వేళను, ముగిసిన వేళను రాసి పెట్టండి. ఇంట్లో చేసినది కూడా కలపండి. వారం వారం 55 దాటుతుంటే రక్తపోటు, చక్కెర పరీక్షలు చేయించుకోండి, ఆ కాగితాన్ని మీ వైద్యునికి చూపండి. మూతి వంకరపోవడం, ఒక చెయ్యి పట్టు తప్పడం, మాట తడబడటం కనిపిస్తే మాత్రం పని ముగిసేదాకా ఆగవద్దు. గడ్డను కరిగించే మందు సాధారణంగా మొదటి నాలుగున్నర గంటల్లోనే పనిచేస్తుంది. వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.