ఒలివియే సలాడ్

ఒలివియే సలాడ్ ఉడికించిన బంగాళాదుంప, క్యారెట్, గుడ్డు, పచ్చిబఠాణీ, ఊరబెట్టిన కీరదోస, మాంసం ముక్కలను మయోనైజ్‌తో కలిపి చల్లగా వడ్డించే రష్యన్ వంటకం. దీన్ని 1860లలో మాస్కోలోని ఎర్మితాజ్ రెస్టారెంట్‌లో లూసియన్ ఒలివియే రూపొందించాడు. ఆయన 1883లో మరణించాడు. అసలు పాకవిధానం బయటికి రాలేదు. 19వ శతాబ్దం చివర అచ్చయిన విధానాల్లో అడవి పక్షి మాంసం, క్రేఫిష్, కేపర్ మొగ్గలు కనిపిస్తాయి. సోవియట్ కాలంలో వీటి స్థానాన్ని కోడిమాంసం లేదా ఉడికించిన సాసేజ్, డబ్బా బఠాణీ ఆక్రమించాయి. విలాస వంటకం ఆ విధంగా నూతన సంవత్సర విందులో తప్పనిసరి అయింది.

ఇంటి తయారీలో దుంపలను, క్యారెట్‌ను తొక్కతోనే ఉడికిస్తారు. తొక్క తీసి ఉడికిస్తే దుంప నీరు పీల్చి చితికిపోతుంది. పిండి తక్కువగా ఉండే రకాలు ముక్క విడవకుండా నిలుస్తాయి. గుడ్లకు సుమారు 10 నిమిషాలు చాలు. అన్నీ పూర్తిగా చల్లారాక బఠాణీ గింజంత ముక్కలుగా తరుగుతారు. వేడి ముక్కలపై మయోనైజ్ విరిగి నూనె తేలుతుంది. కీరదోస నీరు పిండి కలుపుతారు. దాని పులుపే మయోనైజ్ జిడ్డుకు విరుగుడు. మయోనైజ్‌ను వడ్డనకు ముందే కలుపుతారు.

స్పెయిన్‌లో ట్యూనా చేపతో, ఇరాన్‌లో కోడిమాంసంతో దీని రూపాంతరాలున్నాయి. భారతీయ హోటళ్ల 'రష్యన్ సలాడ్' తరచుగా శాకాహారమే.