దిమ్మిస మొదలు డ్రిల్లు దాఁక

నల్లమల యంచునఁ గల బల్మూరుతోఁ గూడిన పాలమూరు సీమ, వానలు చాలక వలసఁబోవు జనులను మేస్త్రీల వెంటఁ బంపి, 1955 డిసెంబరు 10వ తేదీన శంకుస్థాపనమైన నాగార్జునసాగరము మొదలుకొని దేశమందలి యెన్నో కట్టడములకు రూపము గల్పించినది. ఆ జనులు తమ పల్లెలలో నిండ్లు గట్టుకొనునాఁడు సమ్మెట మ్రోఁతయు, గానుగసున్నము నూఱు నెద్దుల గిట్టల సవ్వడియు, దిమ్మిస దెబ్బలును బ్రొద్దు గ్రుంకఁగానే యణఁగెడివి; పొరుగువాని నిద్రకు వేఱు చట్ట మక్కఱలేకుండెను.

విద్యుద్దీపములును, కాంక్రీటు మిక్సరులును వచ్చిన పిదప రాత్రియుఁ బగలయ్యెను. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమములు నివాసప్రాంతములకుఁ బగలు 55, రాత్రి 45 డెసిబెళ్లనియు, వ్యాపారప్రాంతములకు 65, 55 అనియు హద్దు విధించెను; పది డెసిబెళ్లు పెరుగుట యన శబ్దతీవ్రత పదిరెట్లగుటయే. 2010 నాఁటి సవరణము రాత్రి పదింటి నుండి యుదయ మాఱింటి వఱకు నివాసప్రాంతములలో మ్రోఁత సేయు నిర్మాణయంత్రములను నిషేధించినది. మిక్సరును నిండ్లకు దూరముగా నిలుపుట, జనరేటరునకుఁ గవచము దొడుగుట, చుట్టును రేకులు పాతుట — ఇవి యేమంత వ్యయసాధ్యములు గావు.

పొరుగువారి చెవులను గూర్చి యింత యాలోచించిన మనము, యంత్రము చెంతనే గుడిసె వేసికొని నిదురించు పాలమూరు కూలీ చెవిని మఱచితిమి. కట్టించువారలారా, ముందుగా నా గుడిసెను దూరముగా వేయింపుఁడు.