హేగ్‌మన్ నెత్తురు, మా పిల్లి నెత్తురు

మా పిల్లి పేరు శొంఠి. పోయిన చలికాలంలో వాడి మూత్రాశయంలో రాళ్లున్నాయని తేలింది. ఆపరేషన్ చేసి తీసేయాలన్నారు. ఆలస్యం చేయడానికీ లేదు, రాయి జారి మూత్రం దారికి అడ్డుపడితే మగపిల్లికి ఒకట్రెండు రోజుల్లోనే ప్రాణం మీదికొస్తుంది. తీరా ఆపరేషన్‌కి ముందు చేసిన రక్తపరీక్షల్లో ఒక అంకె ఎర్రగా వచ్చింది. ఏపీటీటీ అనే పరీక్షలో వాడి రక్తం గడ్డకట్టడానికి మామూలు కన్నా మూడు నాలుగు రెట్లు ఎక్కువ సమయం పట్టింది.

డాక్టర్‌గారు ఆపరేషన్ ఆపేశారు. "ఇది హీమోఫీలియా అయితే కత్తి పెట్టాక రక్తం ఆగదు. ఇంకొకటి కూడా ఉంది, అదైతే ఏమీ కాదు. ఏదో తేలాలి," అన్నారు.

ఆ "ఏమీ కాదు" నాకు మింగుడుపడలేదు. రక్తం గడ్డకట్టట్లేదని మెషీన్ చెప్తుంటే ఏమీ కాకపోవడమేమిటి? సాఫ్ట్‌వేర్‌లో రోజూ చూసే సంగతే నిజానికి: టెస్ట్ ఫెయిలవుతుంది, ప్రొడక్షన్‌లో మాత్రం ఏ గొడవా ఉండదు. అప్పుడు కోడ్‌ని కాదు, టెస్ట్‌ని ఎవరు రాశారో, దేన్ని చూడ్డానికి రాశారో వెతుక్కుంటూ వెనక్కి పోతాం. రెండో రిపోర్టు వచ్చేదాకా ఉన్న వారం రోజులూ నేను చేసింది అదే.

*

వెనక్కి పోతే మొదట కనిపించేది ఒక గాజుగొట్టం, ఒక గడియారం. 1913లో బోస్టన్‌లో రోజర్ లీ, పాల్ డడ్లీ వైట్ అనే ఇద్దరు డాక్టర్లు ఒక పద్ధతి ప్రచురించారు. నరం నుంచి తీసిన రక్తాన్ని గాజుగొట్టంలో పోయాలి, ఉండుండి గొట్టాన్ని వంచి చూడాలి, రక్తం జారడం ఎప్పుడు మానేస్తే అప్పుడు టైము రాసుకోవాలి. అంతే. ఈ వైటే తర్వాత గుండె డాక్టరుగా పేరు పొంది అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కి వైద్యం చేశాడు.

ఇందులో గాజుగొట్టం వట్టి గిన్నె అనుకుంటాం. కాదని అంతకు యాభై ఏళ్ల ముందే తెలుసు. 1863లో జోసెఫ్ లిస్టర్ లండన్ రాయల్ సొసైటీలో ఇచ్చిన ఉపన్యాసం మొత్తం దీని గురించే. రక్తనాళంలో ఉన్నంతసేపూ రక్తం ద్రవంగానే ఉంటుంది, పరాయి వస్తువు తగిలితే గడ్డకట్టడం మొదలవుతుంది. అంటే గాజుగొట్టం పరీక్షను మోసే పాత్ర మాత్రమే కాదు, పరీక్షలో ఒక పాత్రధారి కూడా.

1935లో ఆర్మండ్ క్విక్ ఇంకో దారి పట్టాడు. ముందు రక్తంలో కాల్షియాన్ని కట్టేసి గడ్డకట్టకుండా చేశాడు. తర్వాత ఆ ప్లాస్మాలో కుందేలు మెదడు నుంచి తీసిన పదార్థాన్నీ, కాల్షియాన్నీ కలిపి సెకన్లు లెక్కపెట్టాడు. గాయమైన కణజాలం రక్తంతో ఏం చేస్తుందో దాన్ని గొట్టంలో చేసి చూడడం ఇది. ఇప్పుడు పీటీ అని పిలిచే పరీక్ష ఇదే. ఎలుకల మందు తిన్న ఎలుకను పిల్లి తింటే మొదట పెరిగేది ఈ అంకే. అప్పుడు అది నిజంగా భయపడాల్సిన అంకె.

అయితే క్విక్ పరీక్షకు ఒక లోటుంది. హీమోఫీలియా రోగుల రక్తం కూడా అందులో మామూలుగానే గడ్డకట్టేది. కణజాలపు పదార్థం మరీ బలంగా పనిచేసి, లోపమున్న మెట్టుని పక్కనపెట్టి ముందుకెళ్లిపోతుంది. 1953లో నార్త్ కరోలినాలోని చాపెల్ హిల్‌లో లాంగ్‌డెల్, వాగ్నర్, బ్రింక్‌హౌస్ ఆ పదార్థంలో కొంత భాగం మాత్రమే, అంటే కొవ్వు భాగం మాత్రమే, వాడి చూశారు. అప్పుడు హీమోఫీలియా బయటపడింది. ఆ ల్యాబ్‌లో పుట్టుకతోనే హీమోఫీలియా ఉన్న కుక్కల్ని పెంచేవాళ్లు. ఈ పరీక్ష వెనక జంతువుల నెత్తురు మొదట్నుంచీ ఉందన్నమాట.

ఒక చిక్కు మిగిలింది. గాజు తగలడంలో తేడా వస్తే అంకెలూ మారేవి. 1961లో ప్రాక్టర్, రాపపోర్ట్ అనే ఇద్దరు దీనికి విరుగుడు కనిపెట్టారు. పింగాణీ చేసే తెల్లమట్టి, కేయోలిన్, గొట్టంలో వేశారు. గాజు చేసే పనే ఆ మట్టి ఇంకా గట్టిగా, ప్రతిసారీ ఒకేలా చేస్తుంది. ఏపీటీటీ అలా స్థిరపడింది. శొంఠి రిపోర్టులో ఎర్రగా వచ్చింది దాని వారసుడే. ఏపీటీటీ అడిగే ప్రశ్న ఇది: "ఈ రక్తానికి ఒక పరాయి ఉపరితలం తగిలితే ఎంతసేపట్లో గడ్డకడుతుంది?" ఇన్నాళ్లూ అందరూ దాన్ని "ఈ ప్రాణికి గాయమైతే రక్తం ఆగుతుందా?" అని చదువుకున్నారు. ఆ రెండూ ఒకటే ప్రశ్న కాదని ఒక మనిషి వల్ల తెలిసింది.

*

ఆ మనిషి జాన్ హేగ్‌మన్. రైల్వేలో బ్రేక్‌మన్. 1950ల మొదట్లో క్లీవ్‌లాండ్‌లో ఒక ఆపరేషన్‌కి ముందు మామూలుగా చేసే పరీక్షలో అతని రక్తం గాజుగొట్టంలో ఎంతకీ గడ్డకట్టలేదు. అతనికేమో అసహజంగా రక్తం కారిన చరిత్రే లేదు. అక్కడి రక్తవైద్యుడు ఆస్కార్ రాట్‌నాఫ్ ఈ చిక్కుముడి పట్టుకున్నాడు. సిలికాన్ పూసిన గొట్టంలో ఎవరి రక్తమైనా నెమ్మదిగానే గడ్డకడుతుంది, గాజులో పోస్తే వేగం పుంజుకుంటుంది. హేగ్‌మన్ రక్తం గాజునే గుర్తుపట్టట్లేదు! అందరిలో ఉండి అతనిలో లేని ఆ పదార్థాన్ని గురించి 1955లో రాట్‌నాఫ్, కోలోపీ ప్రచురించారు. దానికి హేగ్‌మన్ ఫ్యాక్టర్ అని పేరొచ్చింది. ఫ్యాక్టర్ 12 అంటే అదే.

1964లో రక్తం గడ్డకట్టడం గురించి రెండు వ్యాసాలు వెంటవెంటనే వచ్చాయి. ఇంగ్లండ్‌లో మాక్‌ఫార్లేన్ దాన్ని మెట్లమీంచి దూకే నీళ్లతో పోలిస్తే, అమెరికాలో డేవీ, రాట్‌నాఫ్ జలపాతమన్నారు. ఒక ఎంజైము ఇంకోదాన్ని లేపుతుంది, అది మరోదాన్ని, చివరికి ఫైబ్రిన్ దారాలు అల్లుకుంటాయి. అందమైన బొమ్మ, వైద్య విద్యార్థులు ఇప్పటికీ బట్టీపడతారు. ఆ జలపాతపు శిఖరాన ఉన్నది ఏది? హేగ్‌మన్ ఫ్యాక్టరే. పైన నీళ్లే లేకపోయినా హేగ్‌మన్ శరీరంలో కింద నది పారుతూనే ఉందని అందరికన్నా బాగా తెలిసిన రాట్‌నాఫే ఆ బొమ్మ గీశాడు. ఆయన్ని తప్పుపట్టడానికి కాదు ఇది. గొట్టంలో జరిగేదానికి ఆ బొమ్మ సరిగ్గానే సరిపోతుంది. శరీరంలో ఆరంభం వేరే చోట, గాయమైన కణజాలం దగ్గర, అని మెల్లగా రుజువైంది.

1968లో హేగ్‌మన్ పడిపోయి కటి ఎముక విరగ్గొట్టుకున్నాడు. మంచంమీద ఉండగా చనిపోయాడు. రక్తం కారి కాదు, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ అడ్డుపడి. గొట్టంలో గడ్డకట్టని రక్తం ఒంట్లో గడ్డకట్టి ప్రాణం తీసింది. కథలో రాస్తే మరీ అమరినట్టుందని మనమే కొట్టేసేవాళ్లం.

మరుసటి ఏడాది డాల్ఫిన్ జాతి సముద్రజీవుల్లో ఈ ఫ్యాక్టరే లేదని తెలిసింది. పక్షుల్లోనూ లేదు. 1977లో గ్రీన్, వైట్ అనేవాళ్లు పిల్లిలో ఈ లోపాన్ని వర్ణించారు. ఆ తర్వాత చూస్తే పిల్లుల్లో పుట్టుకతో వచ్చే గడ్డకట్టే లోపాల్లో ఎక్కువగా కనబడేది ఇదేనని తేలింది. ఇల్లంతా దూకుతూ, గోళ్లు చీల్చుకుంటూ, ఏమీ కాకుండా తిరిగే పిల్లులు. ఎవరో గాజుగొట్టం పట్టుకొచ్చేదాకా వాటికి ఏ లోపమూ లేదు.

*

డాక్టర్‌గారి మాట అప్పటికి అర్థమైంది. అలాగని ఊపిరి పీల్చుకోవడానికి లేదు. పిల్లులకి హీమోఫీలియా కూడా వస్తుంది, ముఖ్యంగా మగవాటికి. ఏపీటీటీ రెండింట్లోనూ పెరుగుతుంది, పీటీ రెండింట్లోనూ మామూలుగానే ఉంటుంది. ఒకటి ఏమీ చేయదు, ఇంకొకటి బల్లమీదే చంపగలదు. అంకె మాత్రం ఒకటే.

ముందు రక్తం మళ్లీ తీశారు. పిల్లి దగ్గర రక్తం తీయడమే ఒక యుద్ధం. గింజుకుంటే, రక్తం నెమ్మదిగా వస్తే, సూదిలోనే గడ్డకట్టడం మొదలై అంకెలు తారుమారవుతాయి. తొమ్మిది పాళ్ల రక్తానికి ఒక పాలు సిట్రేట్ కలపాలి, గొట్టం సగమే నిండితే ఆ లెక్కా తప్పుతుంది. పోల్చిచూడ్డానికి కూడా పిల్లుల అంకెలే కావాలి, మనుషులవి పనికిరావు. రెండోసారీ ఎర్ర అంకే వచ్చింది.

తర్వాత డాక్టర్‌గారు ప్రశ్నలు వేశారు. పాలపళ్లు ఊడినప్పుడు రక్తం కారిందా? తెలీదు, అప్పటికి వాడు మా దగ్గర లేడు. ముందెప్పుడైనా ఆపరేషన్ అయిందా? అయింది, మాకు ఇవ్వకముందే షెల్టర్ వాళ్లు వృషణాలు తీసేశారు. అప్పుడేమైనా ఇబ్బంది? కాయితాల్లో ఏమీ లేదు. ఆవిడ మొహం మొదటిసారి తేలికపడింది. మంచి విమర్శకులు కూడా ఇలాగే చదువుతారనిపించింది, వాక్యం ఒక్కటీ చూసి తీర్పివ్వకుండా ముందు పేజీలు తిరగేస్తారు.

చివరి మాట ల్యాబ్‌దే. ఫలానా ఫ్యాక్టర్ లేదని ముందే తెలిసిన ప్లాస్మాలో పిల్లి ప్లాస్మా కలిపి చూస్తారు. లోపం సరైపోతే ఆ ఫ్యాక్టర్ పిల్లిలో ఉన్నట్టు. శొంఠికి 8, 9 ఉన్నాయి. 12 దాదాపు లేదు. రిపోర్టు వచ్చిన మూడో రోజు ఆపరేషన్ జరిగింది. నాలుగు రాళ్లు. రక్తం మామూలుగా ఆగింది.

12 లేకపోతే అది పనికిరానిదేనా అంటే అలా కూడా కాదు. 2005లో అది లేని ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో ధమనుల్లో హానికరమైన గడ్డలు సరిగ్గా నిలబడలేదు, కానీ రక్తస్రావమూ పెరగలేదు. దాంతో రక్తం కారకుండా గడ్డల్ని ఆపే మందుల కోసం వేట మొదలైంది. హేగ్‌మన్ చావేమో అదే రక్షణ కవచమని చెప్పనివ్వదు. గుండెజబ్బున్న పిల్లుల్లో గడ్డ జారి వెనక కాళ్లు పడిపోతుంటాయి, వాటిలోనూ ఏపీటీటీ మామూలుగానే ఉండొచ్చు. అది అడిగే ప్రశ్న ఆ ప్రమాదం గురించి కాదు.

కుట్లు విప్పిన రోజు డాక్టర్‌గారు శొంఠి ఫైలుమీద పెద్దక్షరాలతో ఒక మాట రాశారు, ఇంకో ఊళ్లో ఇంకో డాక్టరు ఆ ఎర్ర అంకె చూసి ఆగిపోకుండా. "హేగ్‌మన్ ట్రెయిట్." మేముండే కొలంబస్ నుంచి క్లీవ్‌లాండ్ రెండు గంటల పైచిలుకు దారి. ఆ ఊళ్లో డెబ్బై ఏళ్ల కింద పరీక్ష తప్పిన ఒక రైల్వే కార్మికుడి పేరు మా పిల్లి కాయితాల్లో ఉంది. వాడు దానిమీదే కూర్చుని నిద్రపోతున్నాడు.