సెలవు నుంచి వీడ్కోలుకు: తెలుగు ప్రాంత కళాశాలల్లో చివరి సంవత్సరం

విద్యాసంస్థల చరిత్రలు రాసినవారు స్థాపన తేదీలను, దాతల పేర్లను, భవనాల ప్రారంభోత్సవాలను శ్రద్ధగా నమోదు చేశారు. చదువు ముగించుకున్న విద్యార్థి పెట్టె సర్దుకొని వెళ్ళిపోయిన రోజు మాత్రం ఆ చరిత్రల్లో కనిపించదు. అది వ్యక్తిగతమైన విషయమనీ, చరిత్రకారుని పరిధిలోకి రాదనీ భావించి ఉండవచ్చు. అయితే కళాశాల చివరి సంవత్సరంలో మిత్రులు ఒకరినొకరు వీడ్కొనే పద్ధతి అనాదిగా వస్తున్నది కాదు. దానికి ఒక పుట్టుక ఉంది, కారణాలు ఉన్నాయి. గురువు దగ్గర శిష్యుడు సెలవు తీసుకోవడం మన సంప్రదాయానికి బాగా తెలుసు. సహాధ్యాయులు ఒకరినొకరు విడిచిపోవడాన్ని ఒక వేడుకగా జరుపుకోవడం మాత్రం ఆధునిక విద్యాకాలపట్టిక నుంచి పుట్టిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

ముందుగా మాటలను పరిశీలించాలి. ‘సెలవు’ అనే పదానికి తెలుగులో అనుమతి, ఆజ్ఞ, విరామదినం, ప్రయాణవేళ చెప్పే మాట అనే అర్థాలు కలిసి ఉన్నాయి. ‘గురువుగారు సెలవిచ్చారు’ అంటే ఆయన చెప్పారనీ కావచ్చు, పంపారనీ కావచ్చు. సెలవు పైనుంచి కిందికి దిగుతుంది. ఇచ్చేవారు పెద్దలు, తీసుకునేవారు పిన్నలు. ‘వీడ్కొను’, ‘వీడ్కొలుపు’ అనే ప్రాచీన క్రియల మధ్య కూడా ఇటువంటి భేదమే ఉంది. వెళ్ళేవాడు వీడ్కొంటాడు, ఉండేవాడు వీడ్కొలుపుతాడు. ఆధునిక వ్యవహారంలోని ‘వీడ్కోలు’ ఈ రెండింటినీ తనలో కలుపుకొంది. వీడ్కోలు చెప్పేది ఎవరో, పొందేది ఎవరో తేడా లేకుండా పోయింది. సమానుల మధ్య ఎడబాటుకు ఒక పేరు కావలసి వచ్చిన కాలంలోనే ఈ కలయిక స్థిరపడటం గమనించదగినది.

సంప్రదాయంలో విద్యాసమాప్తికి సమావర్తనం ఉంది. స్నానం చేసి స్నాతకుడైన శిష్యుడు ఆచార్యుని ఉపదేశం విని, దక్షిణ సమర్పించి ఇంటిముఖం పడతాడు. తైత్తిరీయోపనిషత్తులోని శిక్షావల్లి ఈ సందర్భానికి చెందిన ఉపదేశాన్ని భద్రపరిచింది. నన్నయ ఆదిపర్వంలో చెప్పిన ఉదంకోపాఖ్యానంలో కథ నడిచేదంతా గురుపత్ని కోరిన కుండలాలను తెచ్చి ఋణం తీర్చుకోవడం చుట్టూనే. ఉదంకునికి సహాధ్యాయులు ఉన్నారా, ఉంటే అతడు వెళ్తున్నప్పుడు వారేమనుకున్నారు అనేది కథకు అక్కరలేని ప్రశ్న.

ఇంతకంటె ఆసక్తికరమైన ఆధారం భాగవత దశమస్కంధంలో ఉంది. సాందీపని ఆశ్రమంలో బలరామకృష్ణుల విద్య ముగిసినప్పుడు చనిపోయిన గురుపుత్రుని తెచ్చి ఇవ్వడం వివరంగా వర్ణితమైంది. కుచేలుడు ఆ ఘట్టంలో కనిపించడు. ఏళ్ళు గడిచాక కుచేలోపాఖ్యానంలో ఇద్దరు మిత్రులు కలుసుకున్నప్పుడు మాత్రం, కట్టెలకోసం అడవికి వెళ్ళి వానలో చిక్కుకున్న రోజును కృష్ణుడు తలచుకుంటాడు. గురువు తమను వెతుక్కుంటూ వచ్చిన సంగతీ చెబుతాడు. చదువుకున్న రోజుల చిన్న చిన్న ఆనందాలను ఇంత ఆత్మీయంగా గుర్తు చేసుకున్న ఘట్టాలు మన పురాణ సాహిత్యంలో తక్కువ. ఆ ఇద్దరూ ఏ రోజున, ఏమని చెప్పుకొని విడిపోయారో మాత్రం కథ చెప్పదు. సహాధ్యాయుల స్నేహం ఉంది, జ్ఞాపకం ఉంది, పునఃసమాగమం ఉంది. వీడ్కోలు లేదు.

ఇది కవుల అలక్ష్యం కాదు. గురుకులంలో ఒక్కొక్క శిష్యుడు ఒక్కొక్క కాలంలో చేరతాడు, తన అధ్యయనం పూర్తయినప్పుడు వెళ్తాడు. అందరూ ఒకే రోజున చేరి ఒకే రోజున వెళ్ళే ‘బ్యాచి’ అనే సమూహం అక్కడ ఏర్పడదు. వీధిబడి విషయమూ అంతే. పెద్దబాలశిక్ష ముగిసిన పిల్లవాడు ఏ పొలానికో కరిణీకానికో మళ్ళుతాడు, పక్కవాడు ఇంకా ఇసుకలో అక్షరాలు దిద్దుతూ ఉంటాడు. సామూహికమైన వీడ్కోలు ఉండాలంటే ముందు సామూహికమైన ముగింపు ఉండాలి.

పరీక్ష తెచ్చిన ముగింపు

ఆ ముగింపును మద్రాసు విశ్వవిద్యాలయం తెచ్చింది. 1857లో ఏర్పడిన ఆ సంస్థ చాలాకాలం ప్రధానంగా పరీక్షలు జరిపి పట్టాలు ఇచ్చే సంస్థగానే పనిచేసింది. 1853లో పాఠశాలగా మొదలై 1873లో కళాశాల స్థాయికి ఎదిగిన రాజమహేంద్రవరం ప్రభుత్వ కళాశాల, విజయనగరం మహారాజా కళాశాల, బందరు నోబుల్ కళాశాల, కాకినాడ పిఠాపురం రాజా కళాశాల మొదలైనవన్నీ ఒకే పరీక్షకు విద్యార్థులను తయారు చేసేవి. ఎఫ్.ఏ., బి.ఏ. తరగతులకు కాలపరిమితి ఏర్పడింది. వయసు, ఊరు, కొంతవరకు కులం వేరైన యువకులు ఒకే తేదీన ఒకే గదిలో కూర్చుని ఒకే ప్రశ్నపత్రానికి సమాధానాలు రాసి బయటికి వచ్చారు. బ్యాచి పుట్టింది అక్కడే.

సమావర్తనానికీ దీనికీ మధ్య ఒక ముఖ్యమైన తేడా ఉంది. సమావర్తనం విద్య పూర్తయిందని గురువు నిర్ణయించిన తరువాత జరిగేది. కళాశాల వీడ్కోలు పరీక్షకు ముందు జరుగుతుంది. ఎవరు గట్టెక్కుతారో, ఎవరు ‘సెప్టెంబరుకు’ మిగులుతారో, ఎవరు డింకీ కొట్టి చదువు మానుకుంటారో ఆ సాయంత్రానికి తెలియదు. వీడ్కోలు సభలోని ఉల్లాసానికి లోపలి పొరగా ఉండే భయం ఇక్కడినుంచి వచ్చిందే. పరీక్ష తప్పిన పిల్లవాడు ఇంటికి వెళ్ళడానికి జంకడాన్ని గురజాడ ‘కన్యాశుల్కం’ మొదటి అంకంలోనే వాడుకున్నాడు. వెంకటేశం బడిపిల్లవాడే అయినా ఆ జంకు పట్టభద్రతను ఆశించిన తరమంతటిదీ. ఫలితాలు పత్రికల్లో నంబర్లుగా వచ్చే కాలంలో చివరిరోజున మిత్రులు ఒకరి హాల్‌టికెట్ నంబరు ఒకరు రాసుకునేవారు. వేసవి సెలవుల్లో పేపరు తెరిచి ముందుగా తమ నంబరు, ఆ తరువాత వరుసగా మిత్రుల నంబర్లు వెతకడం ఆ తరాలవారికి బాగా తెలిసిన అనుభవం. ఆ వరుసలో ఒక నంబరు లేకపోతే ఉత్తరం ఎలా రాయాలో తోచేది కాదు.

పట్టా ఇచ్చే ఉత్సవం మరెక్కడో జరిగేది. తెలుగులో దానికి స్నాతకోత్సవమనే పేరు స్థిరపడినా, ప్రాచీనమైన స్నాతకత్వంతో దానికున్న సంబంధం పేరువరకే. గోదావరి మండలపు విద్యార్థి 1879లో పూర్తయిన మద్రాసు సెనేట్ హౌస్‌కు వెళ్ళి గౌను వేసుకొని పట్టా అందుకోవాలి. గోదావరిపై రైలువంతెన 1900లో వచ్చింది. అంతకుముందు ఆ ప్రయాణం కాలువ పడవలమీదనో, కాకినాడ నుంచి ఓడమీదనో సాగేది. అంత ఖర్చు భరించగలవారు కొందరే. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడి, మొదట బెజవాడలో ఉండి, 1930లో వాల్తేరుకు చేరిన తరువాత దూరం తగ్గింది గాని, చదివిన కళాశాల ఒకచోట, స్నాతకోత్సవం మరోచోట అనే ఏర్పాటు చాలామందికి మారలేదు. కాబట్టి ఎక్కువమంది విద్యార్థులకు నిజమైన సమావర్తనం తమ కళాశాల హాలులో జూనియర్లు చందాలు వేసుకొని ఏర్పాటుచేసిన తేనీటి విందే అయింది.

వారాల ఇళ్ళు, హాస్టలు పంక్తి

నిత్యజీవితంలోని ఆనందాలు కూడా వసతిని బట్టి మారాయి. పేద విద్యార్థులు వారాలు చేసుకొని చదువుకున్న కాలం ఒకటి ఉంది. వారంలో ఏడు రోజులకు ఏడు ఇళ్ళు. ఏ ఇంట్లో చల్ల పలుచనో, ఏ ఇంట్లో పండుగనాడు బూరెలు మిగుల్చుతారో వారాలబ్బాయికి కంఠస్థం. ఈ ఏర్పాటులో అతడు మిత్రులతో కలిసి భోంచేసే అవకాశం తక్కువ. చదువు ముగిసినప్పుడు అతడు ఏడు గడపలు ఎక్కి ఏడుగురు గృహిణులవద్ద సెలవు తీసుకొని ఉండాలి. ఆ వీడ్కోళ్ళు గ్రంథస్థం కాలేదు. అన్నం పెట్టిన చేతుల పేర్లు మన విద్యాచరిత్రలో లేకపోవడం పెద్దలోపమని నా అభిప్రాయం. టంగుటూరి ప్రకాశం ‘నా జీవిత యాత్ర’లో ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి తనను చదివించిన తల్లిని గురించి, గురువు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు అండను గురించి చెప్పుకున్నాడు. అటువంటి సాక్ష్యాలు మనకు మరిన్ని ఉండవలసింది.

హాస్టళ్ళు విస్తరించాక ఏడు ఇళ్ళ స్థానంలో ఒక పంక్తి వచ్చింది. ఆ పంక్తి మొదట్లో అందరిదీ కాదు. కులాలవారీ వసతిగృహాలు, వేరువేరు వంటశాలలు చాలాచోట్ల ఉండేవి. పంక్తి వెడల్పయినకొద్దీ స్నేహపు పరిధి పెరిగింది. మెస్సు సాంబారును తిట్టుకోవడం, అర్ధరాత్రి చదువుల మధ్య స్టేషను దగ్గర టీ, రెండో ఆట సినిమా చూసి కాపలాదారును బతిమాలుకోవడం, ఒకే చొక్కా ముగ్గురు తొడుక్కొని ముగ్గురూ ఫొటో దిగడం వంటివన్నీ ఆ పంక్తి ఇచ్చిన ఆనందాలు. చివరి సంవత్సరంలో ఇవి కొత్తగా మొదలైనవి కావు. లెక్కపెట్టుకోదగినవిగా మారాయి, అంతే.

వీడ్కోలు సభకు రెండు వస్తువులు ఆనవాళ్ళుగా మిగిలాయి. ఒకటి గ్రూపు ఫొటో. ముందువరుస కుర్చీల్లో మధ్య ప్రిన్సిపాలు, ఇరువైపులా అధ్యాపకులు. వెనుక బల్లలెక్కి నిలబడిన విద్యార్థులు. కింద నేలమీద మఠం వేసుకున్న కొందరు, వారి ముందు సంవత్సరం రాసిన పలక. ‘సెలవు’కు సంబంధించిన పాత నిమ్నోన్నత క్రమం ఆ ఫొటోలో చెక్కుచెదరలేదు. రెండవది ఆటోగ్రాఫు పుస్తకం. అందులో కుర్చీలు లేవు. గులాబి, నీలం, పసుపు కాగితాలమీద ఎవరికి నచ్చిన పేజీలో వారు రాశారు. ఒకరి పేజీని మరొకరు చూడకుండా మూల మడిచినవారూ ఉన్నారు. అదే కాలంలో పదవీవిరమణ చేసే గురువుకు పంచరత్నాలో నవరత్నాలో అచ్చువేయించి, చట్రం కట్టించి సమర్పించడం తెలుగు శాఖల్లో ఆచారం. గురువుకు వృత్తబద్ధమైన పద్యం, మిత్రునికి చేతిరాతలో వచనం. ఒకే సాయంత్రం ఒకే విద్యార్థి ఈ రెండు శైలులూ వాడాడు. సాహిత్యచరిత్రకారులు మొదటిదానిని కొంత పట్టించుకున్నారు గాని రెండవదానిని సేకరించలేదు. 2004లో వచ్చిన ‘నా ఆటోగ్రాఫ్’ చలనచిత్రం ఆ పేరు పెట్టుకొనేనాటికి ఆ పుస్తకం స్థానాన్ని ప్రశ్నలు ముందే అచ్చువేసి ఉన్న స్లామ్ బుక్ ఆక్రమిస్తున్నది.

స్త్రీల ఆటోగ్రాఫు పుస్తకాలకు ప్రత్యేక ప్రాముఖ్యం ఉంది. 1924లో ఏర్పడి, 1949లో హైదరాబాదు కోఠీలోని పాత రెసిడెన్సీ భవనానికి చేరిన మహిళా కళాశాల వంటి సంస్థల్లో చదివిన చాలామందికి చివరి సంవత్సరం ముగియడమంటే పెళ్ళి దగ్గరపడటమే. పుస్తకంలో రాసిచ్చిన చిరునామా పుట్టింటిది, పేరు పుట్టింటి ఇంటిపేరుతో ఉన్నది. ఏడాది తిరిగేసరికి రెండూ మారిపోయేవి. ఉత్తరం రాస్తే చేరేది తండ్రికి. ఆయన దానిని అత్తవారింటికి పంపితే పంపినట్టు, లేకుంటే లేదు. పురుషులు ఊళ్ళు మారినా పేరునుబట్టి దొరికారు. స్త్రీలు పేరుతోపాటు తప్పిపోయారు. ఆ సాయంత్రపు కన్నీళ్ళను భావావేశమని తేలిగ్గా తీసుకున్నవారు ఈ సంగతి ఆలోచించలేదు.

కాలపట్టిక తెగినప్పుడు

బ్యాచి కాలపట్టిక బిడ్డ అయితే, పట్టిక తెగినప్పుడు వీడ్కోలు కూడా తెగాలి. 1938 చివర ఉస్మానియాలో అదే జరిగింది. వసతిగృహాల్లో వందేమాతరం పాడినందుకు బహిష్కృతులైన విద్యార్థులకు విందు లేదు, ఫొటో లేదు. చదువు మధ్యలో ఆగింది. అయితే వారిలో అనేకులు కలిసికట్టుగా రైలెక్కి నాగపూరు విశ్వవిద్యాలయానికి వెళ్ళి చదువు కొనసాగించారు. అలా వెళ్ళినవారిలో పి.వి. నరసింహారావు ఒకరు. బ్యాచి విడిపోవలసినచోట మరింత గట్టిపడింది. 1969 తెలంగాణ ఉద్యమంలోనూ, 1972–73 జై ఆంధ్ర ఉద్యమంలోనూ కళాశాలలు నెలలతరబడి మూతబడ్డాయి, పరీక్షలు వాయిదాపడ్డాయి. ఆ సంవత్సరాల పట్టభద్రులు తమను చదివిన సంవత్సరంతో కాక ఉద్యమం పేరుతో చెప్పుకోవడం ఇప్పటికీ వింటాం.

2020 అనుభవం వీటికి భిన్నమైనది. మార్చిలో, సరిగ్గా వీడ్కోలు సభల కాలంలో, కళాశాలలు మూతపడ్డాయి. కొద్దిరోజుల సెలవులనుకొని విద్యార్థులు చేతిసంచులతో ఊళ్ళకు వెళ్ళారు. తెలుగువాడు వెళ్తూ ‘వెళ్తాను’ అనడు, ‘వెళ్ళొస్తాను’ అంటాడు. మామూలుగా చివరిరోజున ఆ మాట మర్యాదకు మాత్రమే అనేది. ఆ మార్చిలో వారు దానిని నిజంగానే అన్నారు. ఆఖరి సంవత్సరపు పరీక్షలు లేకుండా పట్టాలివ్వడం కుదరదని ఆగస్టు 28న సుప్రీంకోర్టు తీర్పు చెప్పడంతో పరీక్షలు మాత్రం జరిగాయి. ముగింపు మిగిలింది, కూడిక పోయింది.

ఆ తరువాత మా విశ్వవిద్యాలయ వసతిగృహాలనుంచి సామాను తీసుకుపొమ్మని కబురు వెళ్ళింది. గుమికూడకూడదు గనుక గదికి ఒక్కరు చొప్పున, వేరువేరు రోజుల్లో రమ్మన్నారు. ముఖానికి మాస్కుతో తండ్రినో అన్ననో వెంటబెట్టుకొని ఒక్కొక్కరే వచ్చారు. గోడమీది కాలెండరు మార్చి దగ్గరే ఆగి ఉంది. నేను చదువు చెప్పిన ఒక అమ్మాయి తన పెట్టె కిందికి దించుకున్నాక పక్క మంచం కింద మిత్రురాలి చెప్పులు చూసి, కాసేపు నిలబడి, వాటిని తుడిచి ఒకదానిపక్కన ఒకటి సరిచేసి పెట్టి వచ్చింది. వెళ్ళేముందు అందరిలాగే సంతకం చేసింది, గది ఖాళీ చేసినట్టు వార్డెను చూపించిన రిజిస్టరులో.