లింగకాయ: సొమ్మా? గుర్తా?

వీరశైవుల కంఠమున వ్రేలు వెండి లింగకాయ చూపఱకు సొమ్ముగాఁ దోఁచును. కాని సొమ్ము తల్లినుండి కూఁతునకు సంక్రమించును. కాయలోని యిష్టలింగ మట్లు సంక్రమింపదు. గురువు దీక్షాసమయమున దానిని శిష్యున కొసఁగును. శిష్యుఁడు నిత్యము దాని నఱచేత నుంచి పూజించును. అతఁడు మరణించినపుడు లింగమును అతనితోడనే సమాధిఁ జేరును.

12వ శతాబ్దిలో బసవేశ్వరుఁడు కల్యాణమున జన్మమునుగాక భక్తినే ప్రమాణముగాఁ గొనెను. లింగధారి భక్తుఁడు, లింగము లేనివాఁడు భవి. ఈ మతమునే పాల్కురికి సోమనాథుఁడు బసవపురాణమున ద్విపదలోఁ దెలుఁగువారికి వినిపించెను.

ఆంధ్రదేశమున మల్లికార్జున పండితారాధ్యుని సంప్రదాయమువారగు నారాధ్యులు మాత్రము యజ్ఞోపవీతమును విడువకయే లింగమును ధరించిరి. ఒక్క మేనిపైనే ఒక గుర్తు పుట్టుకను, వేఱొకటి విశ్వాసమును జాటినవి.

తక్కిన లింగధారులయందును పుట్టుక పూర్తిగాఁ దొలఁగలేదు. శిశువునకుఁ బుట్టిన కొలఁది దినములకే లింగము గట్టు నాచార మేర్పడెను. లింగబలిజ యనునది కులనామ మయ్యెను. జన్మమును నిరాకరించిన గుర్తే జన్మమునకు గుర్తయినది. కావున లింగకాయను బరిశీలించువారు అందెవరి విశ్వాస మున్నదని మాత్రమే కాక, దాని నెవరు, ఎప్పుడు కట్టిరని కూడ విచారింపవలెను.